మంచుకాలపు విమానయానము

ధనుర్మాసము ప్రవేశించినది మొదలు శివరాత్రి వచ్చువఱకు తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములవారికి విమానప్రయాణ మొక సందిగ్ధవ్యవహారముగా మాఱుచున్నది. ఈ మూడుపట్టణములలో దేనికిని విమానాశ్రయము లేదు. బాపట్లజిల్లాలో అద్దంకి సమీపమున జాతీయరహదారిమీదనే యుద్ధవిమానములు అవసరమునకు దిగుటకు 4 కిలోమీటర్ల పైచిలుకు రన్‌వే నిర్మించి, 2024 మార్చి 18న వాయుసేనవారు దానిని పరీక్షించిరి. ఆ జిల్లావారికి విమానము రోడ్డుమీదనే కనబడినది గాని, ఎక్కవలెనన్నచో గన్నవరమునకే పోవలయును. తెనాలినుండి గంటన్నర, రేపల్లె బాపట్లలనుండి సుమారు రెండుగంటలు పట్టు మార్గమది. ఉదయము 7 గంటల విమానము నందుకొనదలచినవాడు రెండవజామున నిద్రలేచి, పెట్టెలు కారున కెక్కించి, ఎదుటి దీపము గానరాని కాలువగట్లత్రోవను బయలుదేరవలయును. ఇంత శ్రమపడి విమానాశ్రయము చేరిన పిమ్మట అచ్చటి పలకమీద గనబడు మాట ‘ఆలస్యము’. ఎంత యాలస్యము? విమానము హైదరాబాదునుండి బయలుదేరినదా, ఆకాశమున దిరుగుచున్నదా, వెనుకకు మఱలిపోయినదా? బల్లయెదుట గుమిగూడినవా రెన్నివిధముల నడిగినను వచ్చు ప్రత్యుత్తర మొక్కటే: ‘వాతావరణము’.

మంచును గూర్చి మాకు మొఱ లేదు. మంచు మాటున దాగుచున్న మౌనమును గూర్చియే యీ నాలుగుమాటలు వ్రాయవలసివచ్చినది. ఈ రెంటిని వేఱుపఱచి చూచిననేగాని ప్రయాణికునకు న్యాయముగా రావలసినదేదో, అతడు అడుగరానిదేదో బోధపడదు.

డెల్టారైతునకు మంచు శత్రువు కాదు. సార్వావరి కోసిన మాగాణిలో పదను పోకమునుపే చల్లిన మినుములును పెసలును వేఱొక తడి యెఱుగకయే, నేలలోని చెమ్మను, రాత్రి కురియు మంచును నమ్ముకొని కాపునకు వచ్చుట కృష్ణ పశ్చిమడెల్టాలో అందఱెఱిగినదే. నేడు కొంతభూమి మొక్కజొన్నకును జొన్నకును పోయినను, సంక్రాంతినాటికి పచ్చగా బఱచుకొను మినుముచేలు మన కండ్ల కింకను గ్రొత్త కాదు. తండ్రిచేనికి మేలుచేయు నా మంచే పండుగకు వచ్చు కుమారుని విమానమును నిలిపివేయుచున్నది. ఆకాశము నిర్మలమై, గాలి కదలక యున్న రాత్రి నేల తన వేడిమిని వేగముగా గోలుపోవును. నేలనంటిన గాలి చల్లబడి, అందలి నీటియావిరి సన్నని తుంపరలై నిలిచిపోవును. కాలువలు, చెఱువులు, తడిమాగాణి గల సీమలో ఆవిరికి కొఱత యుండదు. తెల్లవాఱుజామున నది మిక్కిలి చిక్కబడి, ప్రొద్దు పైకెక్కినకొలది విచ్చిపోవును. కిలోమీటరు దూరమునందలి వస్తువు గానరాకున్నచో దానిని పొగమంచని వాతావరణశాస్త్రజ్ఞులు వ్యవహరింతురు. పల్లెలో మనకు కిలోమీటరు చూపు చాలినంత చూపే. గంటకు రెండువందల కిలోమీటర్లకు పైబడిన వేగముతో నేలను దాకవలసిన యంత్రమునకు మాత్రము అది యొక క్షణకాలపు వ్యవధి.

ఈ మంచునకు మనము స్వయముగా జేర్చుచున్న పొగను గూర్చి భూస్వాములగు పాఠకులకు ప్రత్యేకముగా మనవి చేయవలసియున్నది. కోతయంత్రములు వచ్చిన తరువాత, వామివేసికొనవలసిన గడ్డిని పొలముననే తగులబెట్టు దురలవాటు మన డెల్టాలోనికిని ప్రవేశించినది. పొగలోని సూక్ష్మకణముల నాధారము చేసికొనియే నీటితుంపరలు గట్టిపడును. గాలి లేని రాత్రి ఆ పొగ యెచ్చటికిని పోదు. 2018 జనవరి 13న చెన్నపట్టణమున భోగిమంటల పొగ మంచుతో గలసి అచ్చటి విమానాశ్రయమును గంటలతరబడి స్తంభింపజేసెను. వచ్చుచున్న విమానములు అన్యనగరములకు మఱలింపబడెను, అనేకము రద్దయ్యెను. చెన్నపట్టణమువారు పాతచాపలను, టైర్లను గాల్చిరని మనము నవ్వుకొనవచ్చును. మన పొలములోని నిప్పునకు గూడ నదే గుణము గలదు.

విమానము మంచులో దిగుటకు సాధనములు లేకపోలేదు. నేలమీది యంత్రములు పంపు రేడియోకిరణముల ననుసరించి వైమానికుడు దారియు ఎత్తును దప్పక క్రిందికి వచ్చును. ఈ యేర్పాటునకు తరగతులు గలవు. మొదటితరగతిలో రన్‌వేమీద సుమారు 550 మీటర్ల దూరమైనను కంటి కానవలెను. 200 అడుగుల యెత్తునకు దిగునప్పటికి రన్‌వే గాని, దాని దీపములు గాని కనబడనిచో మఱల పైకి లేచిపోవలసినదే. మూడవతరగతిలోని మేలైన యేర్పాటుండిన 50 మీటర్ల చూపుతోనే దిగవచ్చును. ఢిల్లీలో నది కలదు. దేశమున మూడవతరగతి సదుపాయము గల విమానాశ్రయములు కొలదిమాత్రమే. గన్నవరము వానిలో జేరలేదు. వెంటనే యచ్చట గూడ దానిని నెలకొల్పవలెనని కేకవేయుటకు మాకు తొందర లేదు. ఉత్తరహిందూస్థానమున వారములతరబడి కప్పుకొను మంచు వేఱు, సూర్యుడు రెండుమూడు గంటలలో తుడిచివేయు మన మంచు వేఱు. అంతధనము నిచ్చట వెచ్చించుట దండుగ యని యెవరైన వాదించినచో తప్పుపట్టజాలము.

అయితే సాధనమున్నంతమాత్రమున చాలదు. నేలమీది యంత్రము, విమానము, వైమానికుడు, మూడును ఆ తరగతికి తగినవై యుండవలయును. 2023 డిసెంబరు నెలాఖరున ఢిల్లీని మంచు కమ్మి, పలువిమానములు ఇతరనగరములకు మఱలినవి. విచారింపగా, రెండు సంస్థలు మూడవతరగతి శిక్షణ లేనివారిని ఆ వేళలకు నియమించినట్లు తేలినది. పౌరవిమానయాన డైరెక్టరేట్ జనరల్ వారు 2024 జనవరిలో ఒక్కొక్క సంస్థకు 30 లక్షల రూపాయల జుల్మానా విధించిరి. మంచు దైవికమే. మంచులో దింపనేర్చినవానిని ఆ పూటకు నియమింపకపోవుట దైవికము కాదు. ప్రయాణికునకు జెప్పిన సమాధానము మాత్రము రెండుచోట్లను ‘వాతావరణము’ అనియే.

ఇచ్చట ప్రయాణికులలో గొందఱి ప్రవర్తనమును గూర్చియు జెప్పక తప్పదు. 2024 జనవరి 14న ఢిల్లీలో ఆలస్యమును ప్రకటించుచున్న వైమానికునిపై ప్రయాణికు డొకడు చేయిచేసికొనెను. చదువుకొన్నవారు చేయదగిన పని కాదు. మంచులో దిగను, లేవను అని చెప్పు వైమానికుడు మన ప్రాణమునకు కావలి. తెలుగువారికి దీనిని గూర్చి యితరులు బోధింప నక్కఱలేదు. 2002 మార్చి 3వ తేదీ యుదయమున లోకసభాపతి శ్రీ జి.ఎం.సి. బాలయోగిగారు భీమవరమునుండి బయలుదేరిన హెలికాప్టరు కృష్ణాజిల్లా కైకలూరు సమీపమున చేపలచెఱువులో గూలిపోయెను. చూపు సరిగా నానకపోవుటయే ప్రమాదమునకు మూలమని తరువాత చెప్పబడెను. 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి డాక్టరు వై.యస్. రాజశేఖరరెడ్డిగారిని నల్లమలలో గోలుపోయినదియు వానమబ్బుల నడుమనే. ఇంతటి పెద్దలకే యెదురైన యాపద మన పెండ్లిముహూర్తమునకు వెఱచి తొలగిపోదు. కావున ‘ఇంకను ఎందుకు కదలదు’ అని యడుగుట మన హక్కు గాని, ‘ఎట్లయినను కదలింపుడు’ అని పట్టుబట్టుట మన హక్కు కాదు.

మంచు విచ్చి యెండ కాయుచున్నను విమానము కదలకుండుట యనేకులకు కోపకారణ మగుచున్నది. దీనికి రెండు హేతువులు గలవు. ఒకే విమానము దినమున నాలుగైదు ప్రయాణములు చేయును. ఉదయము బెంగుళూరులోనో ఢిల్లీలోనో రెండుగంటలు నిలిచిపోయినది సాయంకాలము గన్నవరమునకు వచ్చునప్పటికి ఆ రెండుగంటలను వెంటబెట్టుకొనియే వచ్చును. కావున మధ్యాహ్నపు విమానమునకు టిక్కెట్టు కొన్నవాడు మంచును దప్పించుకొనును గాని, మంచు విడిచిన బాకీని పూర్తిగా దప్పించుకొనజాలడు. రెండవది పనిగంటల నియమము. వైమానికులు దినమున నిన్నిగంటలకు మించి విధియందుండరాదు. మంచు విడుచునని కాచుకొన్న గంటలును పనిగంటలలోనివే. ఎండ వచ్చునప్పటికి వారి గడువు తీరినచో వేఱొకరు రావలసినదే. అలసినవానిచేత విమానము నడిపింపరాదను నియమము మన మేలుకొఱకే యేర్పడినది. ఇది గట్టిగా అమలు జరుగుటయే మంచిది.

కాని యీ నియమము మాటుననే 2025 డిసెంబరు మొదటివారమున జరిగినదేమి? దేశమందలి విమానసంస్థలలో మిక్కిలి పెద్దదగు ఇండిగోవారి విమానములు వేలకొలది రద్దయ్యెను. విశ్రాంతిని బెంచిన క్రొత్తనియమముల రెండవభాగము నవంబరు 1నుండి అమలునకు వచ్చునని యెంతోకాలము ముందే తెలిసియున్నను, దానికి దగినంతమందిని సిద్ధపఱచుకొనకపోవుట ఆ విపత్తునకు ముఖ్యకారణము. ఆ సంస్థ తొలుత వెలువరించిన ప్రకటనలో స్వల్పసాంకేతికలోపములు, శీతకాలపు వేళలమార్పులు, ప్రతికూలవాతావరణము, రద్దీ, క్రొత్తనియమములు, అన్నియు నొకేవాక్యమున గుదిగ్రుచ్చబడినవి. అట్టి వాక్యమును జదివిన ప్రయాణికునకు ఏది దైవము చేసినది, ఏది మనుష్యుడు చేసినది తెలియదు. మా మొఱ సరిగా నిదియే. వాతావరణమని చెప్పినచో పరిహారము బాధ తప్పునని యెఱిగినవానికి, చెప్పదగిన మాటలలో ‘వాతావరణము’ మొదటిదగుట సహజము.

ఈ యనిశ్చయమువలన నష్టపడువా రెవరు? మన ప్రాంతపు స్థితిపరులలో అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఒక కుమారుడో కుమార్తెయో లేని కుటుంబ మరుదు. సంక్రాంతికి వచ్చువారును, మాఘమాసపు లగ్నములకు వచ్చువారును మంచునెలలలోనే వత్తురు. పెండ్లికి ఆలస్యమైనచో ముహూర్తమున కొకనాడు ముందు రావలసినదని మందలింపవచ్చును. మఱియొకటి యున్నది. తండ్రి కాలముచేసినచో దూరదేశమునందలి కుమారుడు వచ్చువఱకు దేహమును మంచుపెట్టెలో నుంచుట ఇప్పుడు పల్లెలలో గూడ వాడుకయైనది. డల్లాసునుండి ఇరువదినాలుగు గంటలు ప్రయాణించి వేకువజామున శంషాబాదులో దిగినవాడు గన్నవరపు విమానము కొఱకు కూర్చుండి యుండును. ఇంటికడ బంధువులు, పురోహితుడు, శ్మశానమున కట్టెలు పేర్చినవారు, అందఱును ఫోనువంకనే చూచుచుందురు. అతనికి కావలసినది ధనము కాదు. ‘ఈ విమానము పదకొండుగంటలకు ముందు కదలదు’ అని యేడుగంటలకే యొకరు నిజము చెప్పినచో, అప్పుడే కారు మాట్లాడుకొని మధ్యాహ్నమునకు తెనాలి చేరగలడు. అట్లుగాక ‘అర్ధగంట’, ‘మఱియొక యర్ధగంట’ యని పదకొండువఱకు లాగి, ఆ మీదట ‘రద్దైనది’ అని చెప్పినచో దినము గడచిపోవును. సూర్యాస్తమయము తరువాత దహనము చేయరాదను నాచారము గల యిండ్లలో అది మఱునాటికి బోవును. ఈ అర్ధగంటల వాయిదాను ఏ మంచు కురిపించినది?

టిక్కెట్టు కొనుటలో నొక సూక్ష్మము గలదు. అది తెలియక మనవారు మోసపోవుచున్నారు. గన్నవరమునుండి హైదరాబాదునకో ఢిల్లీకో ఒక టిక్కెట్టు, అచ్చటినుండి విదేశమునకు వేఱొక టిక్కెట్టు కొన్నచో కొన్నివేలు మిగులును. మొదటివిమానము మంచువలన జాగుచేసినప్పుడు రెండవసంస్థవారి దృష్టిలో మీరు వేళకు రానివారే. వారికి మీపట్ల బాధ్యత లేదు. లక్షరూపాయల టిక్కెట్టు చెల్లనికాగిత మగును. గన్నవరముమొదలు గమ్యమువఱకు ఒకే టిక్కెట్టు క్రింద ప్రయాణము నమోదై యున్నచో, తరువాతి విమానమున బంపు భారము సంస్థలదే యగును. మంచునెలలలో ఒకే టిక్కెట్టు దొరకనిచో ముందునాడే మహానగరము చేరి యొకరాత్రి యచ్చట బసచేయుట మేలు. చదువులకై బిడ్డలను జనవరిలో విదేశములకు బంపు తలిదండ్రులు దీనిని మఱువరాదు.

ఇక శాసనమేమి చెప్పుచున్నది? ప్రయాణికుల సదుపాయములను గూర్చి విమానయాన డైరెక్టరేట్ వారు 2010లో నియమము లేర్పఱచి, తరువాత పలుమాఱులు సవరించిరి. మన గన్నవరమునుండి పోవు స్వదేశీవిమానములు సాధారణముగా రెండున్నరగంటలలోపు ప్రయాణములు. అట్టివానికి 2 గంటలు మించిన జాప్యమునకు ఉపాహారము నీయవలెను. జాప్యము 6 గంటలు దాటునని తేలినచో వేఱొక విమానమో, టిక్కెట్టు సొమ్ము పూర్తిగా వాపసో, ప్రయాణికుడు కోరినది చేయవలెను. వాతావరణమువలన గలిగిన జాప్యమునకును రద్దునకును నష్టపరిహారము మాత్రము లేదు, అది న్యాయమే. విమానము రద్దైనచో సొమ్ము వాపసు చేయవలసినదే గాని, పనికిరాని పత్రముగా మార్చి యిచ్చిన చాలునని ప్రయాణికుడు ఒప్పుకొన నక్కఱలేదు. 2024 జనవరి 15న ఆ డైరెక్టరేట్ వారే వెలువరించిన విధానపత్రము మా వాదమునకు మిక్కిలి దగ్గఱగా వచ్చినది. జాప్యమును గూర్చిన యథార్థసమాచారమును ఎప్పటికప్పుడు తెలుపవలెననియు, ఉద్యోగులు ప్రయాణికులతో సరిగా మాటాడవలెననియు, మూడుగంటలు మించి జాప్యము కాగల విమానములను ముందుగనే రద్దుచేయవచ్చుననియు నందు గలదు. కాగితముమీద నిది మంచి యేర్పాటు. ఏ సంస్థ యెన్నిసారులు దానిని పాటించినది, ఎన్నిసారులు మీఱినది ప్రతిశీతకాలము తరువాత ప్రకటించినచో నా కాగితమునకు ప్రాణము వచ్చును.

ఐరోపావారు ఈ విషయమున మనకంటె నొకయడుగు ముందు నడచిరి. 2005నుండి అమలునందున్న వారి నిబంధన ప్రకారము మంచువలన విమానము నిలిచినచో పరిహార మక్కఱలేదు గాని, అన్నపానములును రాత్రిబసయు నీయకతప్పదు. 2010లో ఐస్లాండు అగ్నిపర్వతపు బూడిదవలన విమానములు దినములతరబడి నిలిచినప్పుడు ఒక సంస్థ దీనిని కాదని వాదించినది. అంతటి యసాధారణవిపత్తునందును ఆదరించు బాధ్యత తొలగదని వారి న్యాయస్థానము 2013 జనవరిలో తీర్పుచెప్పినది. నష్టపరిహారము వేఱు, ఆదరణము వేఱు. వానకు చిక్కి వాకిట నిలిచిన బాటసారికి వాన మేము కురిపింపలేదు గనుక గ్లాసుడు మజ్జిగ యీయమని చెప్పు గృహస్థు మన సీమలో లేడు. మన దేశమందును ఆదరణవిధి యే వాతావరణమునందును సడలదని సందేహమునకు తావులేని మాటలలో శాసింపవలయును. 1934నాటి విమానముల చట్టమును దొలగించి 2025 జనవరి 1నుండి భారతీయ వాయుయాన అధినియమమును అమలుపఱచినవారికి ఈ సవరణ యొక భారము కాదు. 2024 జూన్‌లో పౌరవిమానయానశాఖను స్వీకరించినవారు శ్రీకాకుళమువారగు శ్రీ కింజరాపు రామమోహననాయుడుగారు. మంచులో నిలిచిన తెలుగుప్రయాణికుని యవస్థను వారి కెవరును వర్ణించి చెప్పనక్కఱలేదు.

భాషను గూర్చి యొకమాట. విమానాశ్రయములలో ప్రకటనలు మొదట ప్రాంతీయభాషలో, పిమ్మట హిందీ ఇంగ్లీషులలో జేయవలెనని కేంద్రప్రభుత్వమువారు 2018 డిసెంబరులో నాదేశించిరి. బిడ్డలను జూచుటకు మొదటిసారి విమానమెక్కు వృద్ధదంపతులకు, జాప్యపువేళ ఇంగ్లీషున గడగడ చదివిన వాక్యము ధ్వనిమాత్రమే. ద్వారము మాఱినదని యెఱుగక వారు పాతద్వారముకడనే కూర్చుందురు. మంచులేనినాడు తెలుగు స్వాగతవాక్యము వినిపించి, మంచునాడు మానుట విపరీతము. అది కావలసినది సరిగా మంచునాడే. టెలిఫోనునకు వచ్చు సందేశములు గూడ తెలుగున నుండవలయును.

విమానాశ్రయము చేరు త్రోవ విమానముకంటె ప్రమాదకరము. దుగ్గిరాల మీదుగ కాలువవెంబడి పోవు త్రోవలో మంచు పట్టినప్పుడు నీరేదో రోడ్డేదో తెలియదు. వేళ మించిపోవుచున్నదను నాతురతతో డ్రైవరును తొందరపెట్టుట, ఆకాశమున తప్పించుకొన్న యాపదను నేలమీద వెదకికొనుటయే. ఉదయపు విమానమే తప్పనిచో ముందురాత్రియే బెజవాడ చేరి యుండవలెను. బయలుదేరుటకు ముందు విమానసంస్థ చెప్పు వేళను మాత్రమే గాక, రావలసిన విమానము వెనుకటి యూరినుండి లేచినదా లేదా యను సంగతిని చూచుకొనవలెను; చేతిఫోనున నది యెవరికైనను తెలియును. చెన్నపట్టణమునకో హైదరాబాదునకో పోవువాడు మంచుకాలమున విమానమే యేల యెక్కవలయునన్నది వేఱొకప్రశ్న. తెనాలి మద్రాసుదారిలోని పెద్దస్టేషను, బాపట్లయు నా దారిలోనిదే. రేపల్లెనుండి హైదరాబాదునకు డెల్టా ఎక్స్‌ప్రెస్సు గలదు. రాత్రి యెక్కి పడుకొన్నవాడు తెల్లవాఱువఱకు చేరును. గంట విమానయానమునకు ముందు రెండుగంటల కారుప్రయాణము, రెండుగంటల నిరీక్షణము గలిపి లెక్కవేసినచో, మంచునెలలలో రైలు ఓడిపోవునను నమ్మకము మాకు లేదు.

నష్టపడి యూరకుండుట గూడ మనవారి యలవాటు. 2019నాటి వినియోగదారుల పరిరక్షణచట్టము ప్రకారము ఫిర్యాది తాను నివసించు జిల్లాలోనే కమిషను నెదుట దావా వేయవచ్చును. తెనాలివాడు గుంటూరు పోయిన చాలును, సంస్థయొక్క ప్రధానకార్యాలయమున్న నగరమునకు బోవలసిన పని లేదు. అందులకు సాక్ష్యము కావలెను. పలకమీది ప్రతి వాయిదాను ఫోటో తీసికొనుడు. సంస్థ పంపిన సందేశములను చెఱిపివేయకుడు. జాప్యమునకు కారణమును వ్రాతమూలముగా నడుగుడు. ‘వాతావరణము’ అని వ్రాసి యిచ్చినచో ఆ గంటకు ఆ విమానాశ్రయమున చూపు ఎంతయుండెనో తరువాత సరిచూచుకొనవచ్చును.

సరిచూచుటకు ఆధారమును గలదు. ప్రతి ముఖ్యవిమానాశ్రయమునను వాతావరణోద్యోగులు నియతకాలములయందు గాలిని, తేమను, చూపు ఎన్నిమీటర్లవఱకు ఆనుచున్నదో కొలిచి, వైమానికులకొఱకు సంకేతాక్షరములతో నివేదిక వెలువరింతురు. అది రహస్యము కాదు, ఎవరైనను జూడదగినదే. సంకేతములలో నుండుటచేత సామాన్యునకు జదువరాదు, అంతియే. గన్నవరమున బయలుదేరువారి హాలులో ఆ యంకెను తెలుగున చూపు పలక యొకటి వ్రేలాడదీయవలెను: ఇప్పుడు చూపు ఇన్ని మీటర్లు, విమానము దిగుటకు ఇన్ని కావలెను, రావలసిన విమానము ఇప్పు డిచ్చట నున్నది. 200 మీటర్లని యుండగా నెవరును ఉద్యోగితో తగవులాడరు. 2,000 మీటర్లని యుండియు విమానము కదలనిచో, కారణము మంచు కాదని పలకయే చెప్పును. దీనికి మూడవతరగతి యంత్రములు గాని, కోట్లరూపాయలు గాని యక్కఱలేదు. వచ్చు ధనుర్మాసమునకు ముందే చేయదగినది.